ఫెల్ట్‌తో అడవి పుట్టగొడుగులు, ఆకురాలు కాలపు ఆకులు తయారు చేయడం ఎలా

ఎర్రటి ఫెల్ట్‌ను గుండ్రంగా కత్తిరించి, దాని మీద తెల్లటి చుక్కలు నాలుగు అతికించి, కింద ఒక కాడ కుడితే అది పుట్టగొడుగని ఎవరైనా గుర్తుపడతారు. అయితే అది బొమ్మల పుస్తకంలోని పుట్టగొడుగు అవుతుంది తప్ప అడవిది కాదు. అడవిలో మొలిచినట్టు కనిపించాలంటే అసలు పుట్టగొడుగు ఏ క్రమంలో విచ్చుకుంటుందో, దాని మీది ప్రతి మచ్చ ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం తెలుసుకుని, కత్తెర పట్టాలి. కుట్టు నైపుణ్యం అంతంతమాత్రంగా ఉన్నవారు కూడా ఈ ఒక్క జాగ్రత్తతో చక్కటి వస్తువులు చేయగలరు. ఇందులో ప్రధానంగా ఎర్ర టోపీ పుట్టగొడుగును వివరంగా చేసి చూద్దాం. ఆ తర్వాత చెట్టు మొద్దులను అంటిపెట్టుకుని పెరిగే అర్ధచంద్రాకారపు శిలీంధ్రాలు, రంగు మారిన ఆకులు, ఓక్ కాయలు వస్తాయి.

ఫెల్ట్, దారం, పనిముట్లు

ఫెల్ట్ నేసిన గుడ్డ కాదు. ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులు ఉంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిసినప్పుడు ఆ పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, మళ్లీ విడదీయలేనంతగా బిగుసుకుని దళసరి పరుపులా తయారవుతాయి. పడుగు పేకలు లేవు కనుక కత్తిరించిన అంచు నుంచి దారాలు ఊడిరావు, అంచు మడిచి కుట్టవలసిన అవసరమూ లేదు. ఈ పనికి ఫెల్ట్ ఇంతగా కుదరడానికి మొదటి కారణం అదే.

దొరికితే నూటికి నూరు పాళ్లు ఉన్నితో చేసిన ఫెల్ట్‌నే తీసుకోండి. అది వేలితో లాగితే కొద్దిగా సాగుతుంది, ఆవిరి పట్టిస్తే మనం ఒంచిన ఆకారంలో నిలబడుతుంది. పుట్టగొడుగు టోపీకి కావలసిన గుండ్రదనం ఈ గుణం వల్లే వస్తుంది. ఉన్ని, కృత్రిమ నూలు కలిసినది కూడా ఫరవాలేదు. పూర్తిగా యాక్రిలిక్ లేదా పాలిస్టర్‌తో చేసినది చవక, పిల్లలు నేర్చుకోవడానికి సరిపోతుంది, కానీ కొన్నాళ్లకు పైన ఉండలు కడుతుంది, ఆవిరికి లొంగదు. ఇక్కడ చెప్పిన కొలతలకు 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. అంతకన్నా మందమైతే అతుకుల దగ్గర గట్టు కట్టి వికారంగా ఉంటుంది.

రంగుల విషయంలో ఒక మాట. దుకాణంలో కనిపించే మెరిసే ఎరుపు, పాల తెలుపు కలిపితే బొమ్మ వెంటనే ప్లాస్టిక్‌లా అనిపిస్తుంది. కొంచెం నారింజ కలిసిన ఎరుపు, మీగడ రంగు తెలుపు, ఎండుగడ్డి రంగు, తుప్పు రంగు, రెండు మూడు రకాల గోధుమ, నాచు ఆకుపచ్చ తీసుకుంటే చాలు. అడవి వాతావరణం ఆ రంగులే తెచ్చిపెడతాయి. ఎర్ర ఫెల్ట్ ముక్కను తడిపి తెల్ల గుడ్డ మీద వేసి నొక్కి చూడండి. రంగు దిగితే దానికి ఆవిరి పట్టేటప్పుడు తెల్ల భాగాలను దూరంగా ఉంచాలి.

మామూలు ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులు ఉంటాయి. వాటిలో రెండు పోగులు విడదీసి వాడండి. సన్నటి ఎంబ్రాయిడరీ సూది, కొన వాడిగా ఉన్న చిన్న కత్తెర, లోపల కూరడానికి పాలిస్టర్ దూది లేదా విడి ఉన్ని, దూదిని లోపలికి నెట్టడానికి మొద్దు కొన ఉన్న పుల్ల, వృత్తలేఖిని, కోణమానిని దగ్గర పెట్టుకోండి. ఫెల్ట్ కోసే కత్తెరతో కాగితం కోయకూడదు. పదును పోయిన కత్తెర ఫెల్ట్‌ను కోయదు, నములుతుంది. అయితే కాగితపు నమూనాను ఫెల్ట్ మీద పెన్సిల్‌తో గీయడం కూడా కుదరదు, ఆ నూగు మీద గీత నిలవదు. కాబట్టి నమూనాలను మరో కత్తెరతో ముందే కత్తిరించుకుని, జిగురు టేపుతో ఫెల్ట్ మీద అంటించి, వాటి అంచు పక్కగా కోసుకుంటూ రండి.

ఎర్ర టోపీ పుట్టగొడుగు

శాస్త్రజ్ఞులు అమానిటా మస్కారియా అని పిలిచే ఈ పుట్టగొడుగు బిర్చ్, పైన్ వంటి చెట్ల వేళ్లతో కలిసి బతుకుతుంది. విషపూరితమైనది, బొమ్మకు నమూనా కావాలంటే ఫొటోలు చూడండి, అసలుదాన్ని ఇంటికి తేకండి. నేలలోంచి పైకి వచ్చేటప్పుడు ఇది మొత్తంగా ఒక తెల్లటి పొరలో చుట్టుకుని ఉంటుంది. టోపీ లోపలి నుంచి ఉబ్బేకొద్దీ ఆ పొర చిట్లి ముక్కలవుతుంది. మనం తెల్ల చుక్కలు అనుకునేవి ఆ ముక్కలే. టోపీ ఎంత విచ్చుకుంటే అవి అంత ఎడమవుతాయి, గట్టి వాన కురిస్తే కొట్టుకుపోతాయి కూడా. మొప్పలను, అంటే టోపీ కింద గొడుగు పుల్లల్లా పరుచుకున్న సన్నటి రేకులను, మొదట్లో కప్పి ఉంచే మరో పొర తర్వాత తెగి కాడ చుట్టూ లంగాలా వేలాడుతుంది. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకుంటే చుక్కలు ఎక్కడ పెట్టాలి, ఎలా కత్తిరించాలి అన్న ప్రశ్నలు వాటంతటవే తీరిపోతాయి.

టోపీ కోసం ఎర్ర ఫెల్ట్‌లో 12 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తం గీసి, అందులోంచి 90 డిగ్రీల ముక్కను తీసేయండి. మిగిలిన ముప్పావు భాగం అంచులు కలిపితే శంకువు వస్తుంది, దాని అడుగు వ్యాసం సరిగ్గా 9 సెంటీమీటర్లు, ఎత్తు 4 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. కనుక మొప్పల కోసం మీగడ రంగు ఫెల్ట్‌లో 9 సెంటీమీటర్ల వృత్తం కోసుకోవాలి. ఈ లెక్కలో ఒక సౌలభ్యం ఉంది: 60 డిగ్రీలు తీస్తే అడుగు వ్యాసం 10 సెంటీమీటర్లు, 30 డిగ్రీలు తీస్తే 11 సెంటీమీటర్లు. తీసే ముక్క చిన్నదయ్యేకొద్దీ టోపీ చదునవుతుంది, అంటే పుట్టగొడుగు వయసు పెరుగుతుందన్న మాట. మూడు వయసుల పుట్టగొడుగులు ఒకే చోట చేయాలనుకునేవారికి ఇది బాగా పనికొస్తుంది.

కాడకు సమలంబ చతుర్భుజం కావాలి: పై అంచు 7, కింది అంచు 10, ఎత్తు 8 సెంటీమీటర్లు. చుట్టినప్పుడు పైన 2.2, కింద 3.2 సెంటీమీటర్ల వ్యాసం వస్తుంది. ఈ పుట్టగొడుగు కాడ అడుగున ఉబ్బి ఉంటుంది కనుక నిటారు గొట్టం కన్నా ఇదే సహజంగా కనిపిస్తుంది. అడుగు మూతకు 3.2 సెంటీమీటర్ల వృత్తం, కాడ చుట్టూ వేలాడే పొరకు 5.5 సెంటీమీటర్ల వృత్తం కోసి, ఈ రెండో దాని మధ్యలో 2.2 సెంటీమీటర్ల రంధ్రం చేయండి.

మొదట కుట్టవలసినవి బల్లపరుపుగా ఉండగానే కుట్టాలి. మొప్పల వృత్తం మధ్యలో కాడ కూర్చునే చోటును 2 సెంటీమీటర్ల చిన్న వృత్తంగా గుర్తించి, అక్కడి నుంచి అంచు దాకా లేత గోధుమ రంగు దారంతో నిలువు కుట్లు వేయండి. వరసగా ఒక వైపు నుంచి చుట్టుకుంటూ వెళితే చివరికి ఖాళీలు కుదరవు. ముందు నాలుగు దిక్కులకు నాలుగు కుట్లు, వాటి మధ్య మరో నాలుగు, ఆ ఎనిమిదింటి మధ్య ఎనిమిది, ఇలా సగం సగం చేసుకుంటూ పోతే ఎడం సమంగా వస్తుంది. తర్వాత ప్రతి రెండు పొడుగు కుట్ల మధ్య అంచు నుంచి లోపలికి సగం దూరమే వచ్చే పొట్టి కుట్టు ఒకటి వేయండి. అసలు పుట్టగొడుగులోనూ పొడుగు మొప్పల మధ్య ఖాళీని ఇలాంటి పొట్టివే నింపుతాయి. పొడుగు కుట్టు మరీ వదులుగా తేలితే మధ్యలో ఒకచోట సూదిని లోపలికి దించి పైకి తీస్తే సరి.

ఇక చుక్కలు. నాణెంతో గీసినట్టు గుండ్రంగా కోయకండి. తెల్ల ఫెల్ట్ తునకలను మూడు, నాలుగు, ఐదు మూలలతో, ఏదీ ఇంకోదానిలా లేకుండా, గోరంత నుంచి గింజంత పరిమాణం వరకు తెగ్గోసి, అంచులను కొద్దిగా పీకి నూగు లేపండి. టోపీ శిఖరం దగ్గర పెద్దవి, దగ్గర దగ్గరగా. అంచు వైపు చిన్నవి, ఎడంగా పరిచి చూసుకుని, నచ్చాక రెండు చిన్న అడ్డ కుట్లతో ఒక్కొక్కటీ నిలపండి. జిగురు వాడితే పని త్వరగా అవుతుంది కానీ తెల్ల ఫెల్ట్‌లోకి ఇంకి గట్టి మరకలు పడుతుంది. టోపీ అంచులు కలిపే చోట రెండు పక్కలా కాస్త ఖాళీ వదలండి, రెండు మూడు చుక్కలు మిగుల్చుకోండి. శంకువు కుట్టడం పూర్తయ్యాక ఆ చుక్కలను అతుకు మీదే పెడితే అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు.

టోపీ రెండు అంచులను ఎర్ర దారంతో, అంచుకు అంచు ఆనించి, లోపలి వైపు నుంచి దగ్గర కుట్లతో కలపండి. శిఖరం మొదట మొనతేలి ఉంటుంది. ఉన్ని ఫెల్ట్ అయితే ఇస్త్రీ పెట్టె ఆవిరిని కాసేపు తగలనిచ్చి, వేడి తగ్గాక తడిగా ఉన్నప్పుడే లోపలి నుంచి బొటనవేలితో ఆ మొనను నెమ్మదిగా గుండ్రంగా నొక్కి, గుండ్రటి గిన్నె మీద బోర్లించి ఆరనివ్వాలి. ఆరాక ఆ వంపు నిలిచిపోతుంది.

కాడ నిలువు అంచులను కూడా అలాగే కలిపి గొట్టం చేయండి. ఇక్కడ క్రమం తప్పకూడదు. వేలాడే పొరను ఇప్పుడే, ఇరుకుగా ఉన్న పై వైపు నుంచి కాడకు తొడిగి, పై అంచుకు ఒకటిన్నర సెంటీమీటర్ల కింద నిలిపి నాలుగు కుట్లు వేయాలి. టోపీ అమర్చాక అది ఎక్కదు, అడుగు వైపు నుంచి అసలే ఎక్కదు. పొర బయటి అంచును వేళ్లతో చుట్టూ లాగుతూ పోతే అది సాగి అలలు తిరుగుతుంది. తర్వాత కాడ పై అంచును మొప్పల వృత్తం మధ్యలో నిలబెట్టి, చుట్టూ ఏటవాలు కుట్లతో రెండుసార్లు తిరగండి. బొమ్మ బరువంతా మోసేది ఈ అతుకే కనుక ఇక్కడ దారాన్ని బిగించి లాగడానికి సందేహించవద్దు.

దూదిని ముద్దలుగా కూరితే కాడ ఎగుడుదిగుడుగా తయారవుతుంది. చిటికెడు చిటికెడు తీసుకుని పుల్లతో పైకి నెట్టి, గట్టిగా దట్టిస్తూ కిందికి రండి. చివరి రెండు సెంటీమీటర్లలో చిన్న గులకరాళ్లను గుడ్డలో మూట కట్టి పెడితే పుట్టగొడుగు పడిపోకుండా నిలుస్తుంది. ఇంట్లో ఏదైనా నోట్లో పెట్టుకునే పసిపిల్లలుంటే మాత్రం రాళ్లు వద్దు, దూదితోనే సరిపెట్టండి. అడుగు మూతను కాజా కుట్టుతో, అంటే అంచు వెంట దారం ఉచ్చులా తిరిగే కుట్టుతో మూసి, దాని పైన కాడ ఉబ్బు చుట్టూ తెల్ల దారంతో ముడి కుట్లు రెండు మూడు వరసలు వేయండి. చిట్లిన పొర అవశేషాలు అక్కడ కూడా గరుకు వలయాలుగా మిగులుతాయి.

ఇప్పుడు టోపీని మొప్పల వృత్తం మీద బోర్లించి, నాలుగు గుండుసూదులతో సమంగా నిలిపి, అంచు చుట్టూ కాజా కుట్టు మొదలుపెట్టండి. కుట్టుకూ కుట్టుకూ మధ్య 3 మిల్లీమీటర్లు, లోతు కూడా అంతే ఉంటే అందంగా ఉంటుంది. దారం ఎర్రగా ఉంటే అంచు కలిసిపోతుంది, మీగడ రంగులో ఉంటే చేతిపని అని చెప్పకనే చెబుతుంది. నాకు మొదటిదే నచ్చుతుంది. 3 సెంటీమీటర్ల సందు మిగిలినప్పుడు ఆగి, అందులోంచి దూది కూరి, సందు మూసేయండి. టోపీలో దూది మరీ ఎక్కువైతే కింది వృత్తం బుడగలా ఉబ్బి మొప్పల అందం చెడుతుంది. కాడతో పోలిస్తే ఇక్కడ చెయ్యి తేలికగా ఉండాలి.

పక్కన పెట్టడానికి ఇంకా విచ్చుకోని చిన్నది కావాలంటే, 9 సెంటీమీటర్ల ఎర్ర వృత్తం అంచు చుట్టూ పెద్ద కుట్లు వేసి, మధ్యలో దూది పెట్టి, దారం లాగి మూతి ముడిస్తే గుండ్రటి మొగ్గ వస్తుంది. దానికి మొప్పలు కనిపించవు, లావుపాటి పొట్టి కాడ చాలు, తెల్ల తునకలు మాత్రం ఎరుపు సరిగ్గా కనబడనంత దగ్గరగా ఉండాలి. వయసు మళ్లినదానికి 30 డిగ్రీలు తీసిన చదును టోపీని నారింజ ఫెల్ట్‌లో కోయండి. చుక్కలు నాలుగైదు మిగిలితే చాలు, వానకు మిగతావి రాలిపోయినట్టే.

మొద్దుల మీది అంతస్తుల శిలీంధ్రాలు

ట్రామెటిస్ వెర్సికలర్ అనే శిలీంధ్రం ఎండిన మొద్దుల మీద అర్ధచంద్రాకారంగా, ఒకదాని మీద ఒకటి మెట్లుగా పెరుగుతుంది. గోధుమ, బూడిద, తుప్పు రంగుల పట్టీలు వలయాలుగా ఉండి, పెరుగుతున్న బయటి అంచు లేత రంగులో ఉంటుంది. దాని పైభాగం ముట్టుకుంటే మెత్తగా నూగు నూగుగా ఉంటుంది కాబట్టి ఫెల్ట్‌తో చేసినప్పుడు ఇంతగా అసలుకు దగ్గరగా వచ్చేది మరొకటి లేదు. సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను: ఇలాగే చెట్లకు పట్టే ఫోమెస్ ఫొమెంటారియస్ అనే శిలీంధ్రం లోపలి భాగాన్ని సాగదీసి, కొట్టి, ఫెల్ట్ లాంటి గుడ్డగా మార్చి రొమేనియాలోని ట్రాన్సిల్వేనియా ప్రాంతంలో టోపీలు చేస్తారు. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన, 5,000 ఏళ్లకు పైబడిన ఓట్జీ అనే మనిషి సామానులో కూడా ఆ శిలీంధ్రం ముక్కలు దొరికాయి.

దీనికి కుట్టుపని తక్కువ. మీగడ రంగులో 5 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న అర్ధవృత్తం కోసి, అంచును చేతితో కాస్త అలలుగా కత్తిరించండి. దాని మీద ముదురు గోధుమ, తుప్పు, బూడిద, మళ్లీ గోధుమ రంగుల్లో ఒకదాని కన్నా ఒకటి చిన్నవైన అర్ధవృత్తాలను, సరళ రేఖ వైపు అంచులు కలిసేలా పేర్చండి. పట్టీల వెడల్పు సమంగా ఉండకూడదు: ఒకటి 3 మిల్లీమీటర్లు, పక్కది 8, దాని పక్కది 5 ఇలా ఉండనివ్వండి. ఒక్కో పొరను అదే రంగు దారంతో దాని అంచు పక్కనే చిన్న రన్నింగ్ కుట్టుతో కలిపి, చివరగా వెనుక అంచును లాగి రెండు మూడు చోట్ల చిన్న కుచ్చు పెడితే ముందు భాగం దానంతటదే వంపు తిరుగుతుంది. వేర్వేరు పరిమాణాల్లో ఐదారు చేసి ఎండు కొమ్మ బెరడు మీద పైనవి కిందివాటిని కొంచెం కప్పేలా జిగురుతో అతికించండి. ఇక్కడ జిగురు దాగిపోతుంది కనుక అభ్యంతరం లేదు.

రంగు మారిన ఆకులు, ఓక్ కాయలు

ఆకురాలు కాలంలో ఆకులోని పత్రహరితం విచ్ఛిన్నమైపోతుంది. అంతవరకు దాని చాటున ఉన్న పసుపు వర్ణకాలు బయటపడతాయి. ఎరుపు మాత్రం చాలా చెట్లలో అప్పుడు కొత్తగా తయారవుతుంది, ఎండ బాగా తగిలిన ఆకుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఆకుపచ్చ ఒక్కసారిగా పోదు, చాలా ఆకుల్లో ఈనెల వెంట చివరి దాకా మిగులుతుంది. అందుకని పసుపు ఫెల్ట్ ఆకు మీద ఈనెలను గోధుమ దారంతో కాక ముదురు ఆకుపచ్చ దారంతో కుట్టి, ఆ పక్కనే లేత ఆకుపచ్చతో ఒకటి రెండు విడి కుట్లు వేసి చూడండి. ఆకు అప్పుడే రంగు మారుతున్నట్టు కనిపిస్తుంది.

ఓక్ ఆకుకు మధ్య ఈనె ఒకటి నిలువుగా వెళుతుంది, దాని నుంచి పక్క ఈనెలు చీలి ఒక్కో తమ్మె (ఆకు అంచున ముందుకు పొడుచుకొచ్చిన భాగం) వైపు సాగుతాయి. మేపుల్ ఆకులో అలా కాదు, ముఖ్యమైన ఈనెలన్నీ కాడ మొదలు దగ్గర ఒకే చోట పుట్టి అరచేతి వేళ్లలా విచ్చుకుంటాయి. ఈ తేడా పాటించకపోతే ఆకారం ఎంత బాగా కోసినా ఏ చెట్టు ఆకో తేలదు. ఆకును రెండు పొరలుగా కోయండి. పై పొర మీద కాడ కుట్టుతో (స్టెమ్ స్టిచ్, సన్నటి తాడులా కనిపించే కుట్టు) ఈనెలు పూర్తి చేసుకున్నాక, పూలు చుట్టడానికి వాడే సన్నటి తీగను మధ్య ఈనె కింద పెట్టి, తీగ కొనలను చిన్న ఉంగరంలా మడిచి, రెండో పొర కప్పి చుట్టూ కాజా కుట్టు వేయండి. తర్వాత ఆకును ఎండినట్టు ముడుచుకునేలా కావలసినట్టు వంచుకోవచ్చు.

ఓక్ కాయలకు అడవిలో రాలిన చిప్పలనే, అంటే కాయ తల మీద టోపీలా ఉండే గిన్నెలనే వాడటం మేలు. వాటిలో పురుగులుంటాయి కనుక ఓవెన్‌లో 100 డిగ్రీల సెల్సియస్ లోపు వేడిలో గంటసేపు, మధ్య మధ్య చూసుకుంటూ ఉంచి చల్లారనివ్వండి. కాయను విడి ఉన్నితో చేయాలి. ఉన్నిని చిన్న ఉండగా గట్టిగా చుట్టి, వేడి సబ్బునీటిలో ముంచి, అరచేతుల మధ్య మొదట దాదాపు ఒత్తిడి లేకుండా దొర్లించండి. పైన పొర బిగిసిన తర్వాతే ఒత్తిడి పెంచాలి. తొందరపడి మొదట్లోనే నొక్కితే ఉండ మీద మడతలు పడి, ఆ గీతలు ఇక పోవు. ఉన్ని బాగా కుంచించుకుపోతుంది కాబట్టి చిప్పకు సరిపోయే దానికన్నా చాలా పెద్దగా మొదలుపెట్టండి. చివర్లో కొంచెం కోలగా దొర్లించి, చన్నీటిలో సబ్బు పోయేలా కడిగి, పూర్తిగా ఆరాక చిప్పలో జిగురుతో కూర్చోబెట్టాలి. తడి మిగిలి ఉండగా అతికిస్తే ఆరాక సైజు తగ్గి ఊడిపోతుంది.

అన్నీ సిద్ధమయ్యాక బెరడు ముక్క మీద నాచు ఆకుపచ్చ ఫెల్ట్ పరిచి, పుట్టగొడుగులను మధ్యలో వరసగా కాక ఒక పక్కకు గుంపుగా, వేర్వేరు ఎత్తుల్లో నిలపండి. ఆకులు రెండు చాలు. ఒకటి పుట్టగొడుగు కాడకు ఆని ఉంటే బాగుంటుంది. నేరుగా ఎండ పడే చోట ఎరుపు వెలిసిపోతుంది. దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులపాలి తప్ప తడి గుడ్డతో తుడవకూడదు. ఉన్ని ఫెల్ట్‌కు చిమ్మటల బెడద ఉంటుంది కనుక దాచిపెట్టేటప్పుడు శుభ్రంగా దులిపి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టి, అప్పుడప్పుడు తీసి గాలి తగలనివ్వండి.